ఫెలనాప్సిస్, డెండ్రోబియం, వాండా: మీ ఇంటికి ఏ ఆర్కిడ్ నప్పుతుంది?

ఆర్కిడ్ కొనేటప్పుడు అందరూ రంగు చూస్తారు. నర్సరీవాళ్లకు కావాల్సిందీ అదే. అయితే ఆ పూలు రాలాక కుండీలో మిగిలేది నాలుగు ఆకులు, కొన్ని వేళ్లు. అవి మళ్లీ పూయాలంటే మీ బాల్కనీలో ఎండ ఎంతసేపు పడుతుంది, జనవరి రాత్రులు ఎంత చల్లగా ఉంటాయి, రోజూ నీళ్లు పట్టే ఓపిక ఇంట్లో ఎవరికుంది అన్నవే లెక్కకొస్తాయి. ఈ మూడింటికీ జవాబు తెలిస్తే ఏ రకం కొనాలో దాదాపు తేలిపోయినట్టే.

ముందే చెప్పేస్తాను. హైదరాబాద్ కానీ, విజయవాడ కానీ, విశాఖ కానీ, మొదటి ఆర్కిడ్‌గా నేను డెండ్రోబియమే కొనమంటాను. ఫెలనాప్సిస్ అందంలో మేటి, కానీ మన ఎండాకాలం దానికి పడదు. వాండా సంగతి మీరుండే ఊరిని బట్టి ఉంటుంది. ఎందుకో ఒక్కొక్కటే చూద్దాం.

ఫెలనాప్సిస్: గదిలో ఉండగలిగేది ఇదొక్కటే

పెద్ద షాపుల్లో, గిఫ్టు కుండీల్లో కనిపించేది ఎక్కువగా ఇదే. వెడల్పాటి ఆకులు, వంగిన పొడవాటి కాడ, దాని మీద వరసగా పెద్ద పూలు. ఒకసారి పూస్తే రెండు మూడు నెలలు చెక్కుచెదరవు. ఇంట్లో ఇన్నాళ్లు నిలిచే ఆర్కిడ్ పూలు తక్కువ. నేరుగా ఎండ తగలక్కర్లేదు. తూర్పు కిటికీ పక్కన, పల్చటి కర్టెన్ వెనక పెడితే సరిపోతుంది. బాల్కనీ ఉత్తరం వైపు ఉన్నవాళ్లకు ఇది తప్ప వేరే దారి లేదనే చెప్పాలి.

మరి ఇబ్బంది ఎక్కడ? దీనికి దుంపల్లాంటి నిల్వ భాగాలేవీ లేవు. నీళ్లు దాచుకునేది ఆకుల్లోనూ వేళ్లలోనూ మాత్రమే. మే నెలలో హైదరాబాద్‌లో 41, 42 డిగ్రీలు దాటి, గాలిలో తేమ అడుగంటినప్పుడు ఆకులు వడలి ముడతలు పడతాయి. అది చూసి కంగారుపడి రోజూ నీళ్లు పోసేస్తాం. లోపల వేళ్లు కుళ్లిపోతాయి. వేళ్లు పోయాక ఆకులు ఇంకా వడలతాయి, మనం ఇంకా పోస్తాం. ఎక్కువ ఫెలనాప్సిస్‌లు చచ్చేది ఎండకు కాదు, ఈ టెన్షన్‌లో పోసే నీళ్లకు.

మళ్లీ పూయించడం మాత్రం అనుకున్నంత కష్టం కాదు. దీని పూలకాడకు మూలం చల్లదనం. పెద్ద గ్రీన్‌హౌస్‌లలో పెంచేవాళ్లు మొక్క ఎదిగేదాకా ఉష్ణోగ్రత 28 డిగ్రీల దగ్గర ఉంచి పూత రాకుండా ఆపుతారు. అమ్మకానికి సిద్ధం చేయాలంటే 25 డిగ్రీల లోపుకు దించుతారు. కొన్ని వారాల్లో కాడ తొంగిచూస్తుంది. మన దగ్గర ఆ పని చలికాలం చేసిపెడుతుంది. నవంబరు రాగానే మొక్కను గదిలోంచి తెచ్చి, ఎండ తగలని బాల్కనీ మూలలో రాత్రంతా ఉంచండి. హైదరాబాద్, కరీంనగర్ వైపు ఆ చలి బాగా సరిపోతుంది. కాకినాడ, విశాఖల్లో రాత్రి కూడా పెద్దగా చల్లబడదు కాబట్టి కాడ ఆలస్యంగా రావచ్చు, ఒక్కో ఏడాది రాకనూ పోవచ్చు. కాడ కనిపించిన దగ్గర్నుంచి మొదటి పువ్వు విచ్చడానికి సుమారు మూడు నెలలు.

పైనుంచి రెండో మూడో ఆకు మొదట్లో ఏదో పచ్చగా పొడుచుకొచ్చింది అనుకోండి. అది వేరా, కాడా? వేరు కొన గుండ్రంగా, నున్నగా, మెరుస్తూ ఉంటుంది, కిందికో పక్కకో పాకుతుంది. కాడ కొన కాస్త చదునుగా, ఒక పక్క చిన్న మడతతో ఉంటుంది, వెలుతురు వైపు పైకి లేస్తుంది. కాడేనని తేలాక కుండీని తిప్పకండి. తిప్పిన ప్రతిసారీ కాడ వెలుతురు వైపు మెలిక తిరిగి, పూలు తలో దిక్కుకూ చూస్తాయి.

పూలన్నీ రాలాక కాడ ఇంకా పచ్చగా ఉంటే కింది నుంచి రెండు మూడు కణుపులు వదిలి పైభాగం కత్తిరించండి. ఒక్కోసారి ఆ కణుపు నుంచే పక్క కాడ పుట్టి చిన్న పూత వస్తుంది. మొక్క బలహీనంగా ఉంటే మాత్రం ఆశపడకుండా మొదలంటా తీసేయడం మంచిది.

అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ ఇల్లు ఏడాదంతా 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటుంది, శరదృతువులో కిటికీ దగ్గర రాత్రిపూట ఇంకాస్త చల్లబడుతుంది. ఫెలనాప్సిస్‌కు అంతకంటే ఏం కావాలి! వాళ్లు మరో ఆలోచన లేకుండా దీన్నే కొనుక్కోవచ్చు.

డెండ్రోబియం: మన ఎండను ఓర్చుకునేది

పెళ్లి మండపాల అలంకరణలో వంగపండు రంగు, తెలుపు కలిసిన పూలకాడలు చూసే ఉంటారు. అవి ఎక్కువగా డెండ్రోబియం సోనియా అనే రకానివి. థాయ్‌లాండ్‌లో తోటలు తోటలుగా పెంచి ఎగుమతి చేస్తారు. అక్కడి వేడి, ఉక్క, మన కోస్తా వాతావరణానికి దగ్గరే. కాబట్టి ఈ మొక్కకు మన ఊళ్లేమీ కొత్త కాదు.

దీనికి చెరుకు గడల్లాంటి కాండాలుంటాయి. నీళ్లు, ఆహారం వాటిలో నిల్వ ఉంటాయి. రెండ్రోజులు ఊరెళ్లినా మొక్క తట్టుకుంటుంది. పూలు ఫెలనాప్సిస్ అంత పెద్దవి కావు, అన్నాళ్లూ ఉండవు. నెల నుంచి రెండు నెలలు నిలుస్తాయి. ఆ లోటు తీర్చేదేమంటే, కుదురుకున్న మొక్క ఏడాదికి రెండు మూడు సార్లు పూస్తుంది. గడలు పెరిగేకొద్దీ కాడలూ పెరుగుతాయి. కాడ తెంచి సీసాలో నీళ్లలో పెట్టినా రెండు వారాలు బాగుంటుంది.

డెండ్రోబియం పూయడం లేదని ఎవరైనా అంటే నేను ముందు ఆకుల రంగు అడుగుతాను. ముదురు ఆకుపచ్చగా, నిగనిగలాడుతూ ఉన్నాయంటే వెలుతురు చాలడం లేదన్నమాట. ఆకు కాస్త పసుపు కలిసిన లేత పచ్చగా ఉండాలి. రోజూ మూడు నాలుగు గంటలు ఉదయపు ఎండ తగిలితే ఆ రంగు వస్తుంది. మేడ మీదయితే 50 శాతం షేడ్ నెట్ కింద పెట్టండి. ఎండ పెంచేటప్పుడు ఒక్కసారిగా కాకుండా వారం పది రోజుల్లో మెల్లగా జరపాలి. లేకపోతే ఆకు మీద తెల్లటి మచ్చపడి కాలిపోతుంది, ఆ మచ్చ ఇక పోదు.

రెండో ప్రశ్న: ముసలి గడలు కోసేశారా? ఆకులు రాలి బోడిగా, చారలు పడి నిలబడ్డ గడను చూస్తే ఎండిపోయిందనిపిస్తుంది. నొక్కి చూడండి. గట్టిగా ఉంటే అది బతికే ఉంది, కొత్త పిలకకు తిండి పెడుతోంది. దాని కొస నుంచి మళ్లీ పూలకాడ రావచ్చు కూడా. మెత్తబడితేనో, పూర్తిగా గోధుమరంగుకు తిరిగి డొల్లయితేనో కోయాలి.

గడ కొసలో పువ్వుకు బదులు చిన్న పిల్ల మొక్క పుట్టుకొచ్చిందా? నత్రజని ఎరువు ఎక్కువైనా, కింద వేళ్లు పాడైనా అలా జరుగుతుంది. పిల్ల వేళ్లు రెండంగుళాలు పెరిగాక విడదీసి వేరే కుండీలో పెట్టుకోవచ్చు, నష్టమేం లేదు. కానీ తల్లి మొక్క వేళ్లు ఒకసారి చూడండి.

ఇందులోనే నోబిలే అని ఇంకో జాతి ఉంది. గడ పొడుగునా కణుపు కణుపుకూ పూలు వస్తాయి, ఫొటోల్లో చూస్తే కళ్లు తిప్పుకోలేం. అది సిక్కిం రాష్ట్ర పుష్పం. ఆ ఒక్క మాటలోనే దాని స్వభావం తెలిసిపోతోంది. శీతాకాలంలో బాగా చలి, నీళ్లు దాదాపు ఆపేయడం, రెండూ ఉంటేనే పూస్తుంది. అరకు, లంబసింగి వైపు ఉన్నవాళ్లు ప్రయత్నించండి. మిగతావాళ్లు ఆన్‌లైన్‌లో డెండ్రోబియం కొనేటప్పుడు నోబిలే అని రాసి ఉందేమో చూసి వదిలేయండి.

వాండా: అందగత్తె, కానీ రోజూ స్నానం కావాలి

కుండీ లేదు, మట్టి లేదు. చెక్క బుట్టలో మొక్క, కింద గాలిలో జానెడు నుంచి మూడడుగుల దాకా వేలాడే లావుపాటి వేళ్లు. పువ్వు అరచేయంత. నీలం, వంగపండు, నారింజ రంగుల్లో, పూరేకుల మీద గళ్లు గళ్లుగా. ఆర్కిడ్లలో సహజంగా నీలానికి దగ్గరగా వచ్చే రంగు కావాలంటే వాండాలో దొరుకుతుంది.

ఆ వేళ్లను దగ్గర్నుంచి చూస్తే మొక్క అవసరం అర్థమైపోతుంది. ఎండినప్పుడు వెండి రంగులో, బూడిద పూసినట్టు ఉంటాయి. నీళ్లు పోస్తే నిమిషాల్లో పచ్చబడతాయి. పచ్చబడిందంటే పైపొర నీళ్లు పీల్చుకుందని గుర్తు. మొదటిసారి తడిపి వదిలేస్తే సగమే పచ్చబడతాయి. పది నిమిషాలాగి ఇంకోసారి తడపాలి, లేదా బకెట్‌లో వేళ్లు మునిగేలా పావుగంట ఉంచాలి. ఈ పని రోజూ చేయాలి. ఎండాకాలంలో రెండు పూటలా.

విశాఖ, కాకినాడ, భీమవరం, నెల్లూరు లాంటి చోట్ల సముద్రపు తేమ ఉంటుంది కాబట్టి వాండా హాయిగా పెరుగుతుంది. అక్కడ చాలా రోజుల్లో ఉదయం ఒక్కసారి తడిపితే సరిపోతుంది. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం వాళ్లకు మాత్రం ఏప్రిల్, మే నెలలు పరీక్షే. ఉద్యోగాలకు వెళ్లిపోయే ఇంట్లో వాండా వద్దు. పొగమంచులా నీళ్లు చిమ్మే ఫాగర్ పెట్టుకునే స్తోమత, మేడ మీద నెట్ ఉంటే వేరే సంగతి.

ఇక్కడొక చిన్న పక్కదారి. వాండాలో ఒకటి మనదే. వాండా టెస్సెలేటా తూర్పు కనుమల అడవుల్లో, పల్లెల్లో పాత మామిడి చెట్ల మీద పెరుగుతుంది. పూలు చిన్నవి, పసుపు, గోధుమ గళ్లతో, మంచి వాసన. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఉండి మన మొక్కల్ని పరిశోధించిన విలియం రాక్స్‌బర్గ్ కోరమండల్ తీరపు మొక్కల మీద వేసిన పుస్తకంలో దీన్ని కూడా వర్ణించాడు. మన ఎండలకు అలవాటుపడ్డ జాతే. అయినా అడవిలోంచి పీకి తెచ్చి అమ్మేవాళ్ల దగ్గర కొనొద్దు. ఆర్కిడ్లన్నీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కింద ఉన్నవే. పైగా చెట్టు మీద నుంచి ఊడబెరికిన వేళ్లు మళ్లీ పట్టుకోవడం కష్టం. మీ ఊళ్లో మామిడి చెట్టు మీదే ఉంటే అక్కడే ఉండనివ్వండి.

మిగతావి క్లుప్తంగా

ఆన్సీడియం: పసుపు రంగు చిన్న పూలు గుత్తులు గుత్తులుగా. వెలుతురు డెండ్రోబియం కంటే తక్కువ, ఫెలనాప్సిస్ కంటే ఎక్కువ కావాలి. వేళ్లు సన్నం కాబట్టి పూర్తిగా ఎండనివ్వకూడదు. రెండో మొక్కగా కొనుక్కోవచ్చు.

కట్లేయా: వాసన కోసం పెంచేవాళ్లున్నారు, నేను కాదనను. పువ్వు ఒకటి నుంచి మూడు వారాలే నిలుస్తుంది. ఓపిక ఉన్నవాళ్ల మొక్క.

గ్రౌండ్ ఆర్కిడ్, అంటే స్పాథోగ్లాటిస్: దీన్ని ఎవరూ పట్టించుకోరు, అదే నాకు బాధ. మిగతా వాటిలా చెట్టెక్కేది కాదు, మామూలు కుండీలో, నీళ్లు నిలవని వదులైన మట్టి మిశ్రమంలో పెరుగుతుంది. ధర తక్కువ. వంగపండు, పసుపు, తెలుపు పూలు ఒకదాని తర్వాత ఒకటి ఏడాదిలో చాలా భాగం వస్తూనే ఉంటాయి. గులాబీ, మందారం పెంచిన చేతికి దీనితో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. మట్టికి బదులు బొగ్గు, ఇటుక ముక్కల్లో నాటాలంటేనే భయపడే అమ్మానాన్నలకు ఆర్కిడ్ కొనిస్తుంటే ఇదే ఇవ్వండి.

ఏ బాల్కనీకి ఏది

తూర్పు బాల్కనీ ఉంటే అదృష్టవంతులు, వాండా తప్ప అన్నీ పెట్టుకోవచ్చు, కోస్తాలో అయితే వాండా కూడా. ఉత్తరం అయితే ఫెలనాప్సిస్. పడమర బాల్కనీలో వేసవి మధ్యాహ్నం గోడ కూడా కాలిపోతుంటుంది. అక్కడ నెట్ కట్టి, గోడకు దూరంగా డెండ్రోబియం వేలాడదీయండి. దక్షిణం వైపు శీతాకాలంలో ఎండ లోపలిదాకా వస్తుంది, డెండ్రోబియానికి అది బాగుంటుంది. డాబా మీద షేడ్ నెట్ ఉన్నవాళ్లు డెండ్రోబియం, వాండా, రెంటినీ కలిపి లైనుగా కట్టుకోవచ్చు. ఏసీ గదిలో మాత్రం ఏదీ వద్దు, గాలి బాగా పొడిబారుతుంది. ఎయిర్ కూలర్ గాలి పోయే దారిలో పెడితే అదే మొక్కకు మేలు.

దేంట్లో నాటాలి, ఏ నీళ్లు పోయాలి

గ్రౌండ్ ఆర్కిడ్‌కు తప్ప మట్టి వద్దే వద్దు. కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు కూడా వద్దు, తడి పట్టుకుని వదలదు. డెండ్రోబియానికి చిన్న, పక్కలకు రంధ్రాలున్న మట్టి కుండీ తీసుకుని బొగ్గు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు కలిపి నింపండి. కొబ్బరి డొక్కను ముందు రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి, అందులోని ఉప్పు, వగరు దిగిపోతాయి. కోస్తాలో వానలు ఎక్కువ కాబట్టి డొక్క తగ్గించి బొగ్గు పెంచండి. తెలంగాణ, రాయలసీమల్లో డొక్క పాలు కాస్త పెంచినా ఫర్వాలేదు. పెద్ద కుండీ కొంటే మొక్క పెద్దదవుతుందని అనుకోవద్దు. డెండ్రోబియానికి ఇరుకే ఇష్టం.

ఫెలనాప్సిస్ తరచూ స్పాగ్నమ్ నాచులో బిగించి వస్తుంది. పూలు అయిపోగానే విప్పి చూడండి. లోపల తడిగా ముద్దైపోయి ఉంటే తీసేసి, పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీలో బెరడు లేదా డొక్క ముక్కల్లోకి మార్చండి. కుండీ గోడలోంచి వేళ్లు కనిపిస్తాయి కాబట్టి నీళ్లెప్పుడు పోయాలో అవే చెబుతాయి. వెండిరంగుకు తిరిగితే పోయండి, పచ్చగా ఉంటే ఆగండి. ఉదయమే పోయాలి. ఆకుల మధ్య గుంటలో నీళ్లు నిలిస్తే దూదితో అద్దేయండి. రాత్రంతా అక్కడ నీళ్లుంటే మొవ్వు కుళ్లి మొక్కే పోతుంది.

నీళ్ల విషయంలో అపార్ట్‌మెంట్లవాళ్లు ఒక పొరపాటు చేస్తుంటారు. ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా కాకూడదని పట్టి మొక్కలకు పోస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ ఫిల్టర్ వేరు చేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. ఆర్కిడ్ వేళ్ల కొసలు నల్లబడతాయి, బొగ్గు మీద తెల్లటి పొర కడుతుంది. బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, 500 దాటి ఉంటే అవీ అంతే. వాన నీళ్లు పట్టుకున్నవి అన్నిటికంటే మంచివి. అవి లేనప్పుడు నల్లా నీళ్లు. ఏదీ దొరక్కపోతే ఫిల్టర్‌లో తాగడానికి వచ్చే మంచి నీళ్లనే రెండు మూడు మొక్కలకు వాడేయండి.

ఎరువు అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19-19-19 చాలు. లీటరు నీళ్లకు అర గ్రాము, వారానికోసారి, వేళ్లు తడిసి ఉన్నప్పుడు. నెలకోసారి ఎరువు లేకుండా ఉత్త నీళ్లు ధారాళంగా పోసి పేరుకున్న ఉప్పు కడిగేయండి. పూత కోసమని ప్రత్యేకంగా అమ్మే భాస్వరం పొడుల మీద డబ్బు తగలేయకండి. వెలుతురు చాలని డెండ్రోబియానికి, చలి తగలని ఫెలనాప్సిస్‌కు ఏ పొడి వేసినా కాడ రాదు.

వానాకాలంలో నత్తలు, చలికాలం పోయాక పిండినల్లి వస్తాయి. నత్త రాత్రిపూట మొగ్గల్ని తింటుంది, టార్చ్ పట్టుకుని ఏరేయడమే మందు. పిండినల్లి ఆకు తొడిమల సందుల్లో దాక్కుంటుంది. సబ్బు నీళ్లలో ముంచిన దూదితో తుడిచి, వారం తర్వాత వేపనూనె కొట్టండి.

కొనేచోట

కడియం నర్సరీలకు వెళ్లినా, మీ వీధి చివర నర్సరీలో కొన్నా, పూల కంటే ముందు మొదలు చూడండి. డెండ్రోబియంలో కొత్త పిలక ఉందా? ముసలి గడలు ఎన్ని? నాలుగు గడలున్న మొక్క, ఒక గడకు నాలుగు కాడలున్న మొక్కకంటే మేలు. కుండీని మెల్లగా కదిపితే మొక్క ఊగిసలాడకూడదు. ఊగిందంటే వేళ్లు పట్టలేదు. సగం మొగ్గలుగా ఉన్నది తీసుకుంటే ఇంట్లో ఎక్కువ రోజులు చూసుకోవచ్చు.

చవగ్గా వస్తోందని అంగుళం పొడవు టిష్యూకల్చర్ (ల్యాబ్‌లో పెంచిన) పిల్లలు తీసుకుంటే పూత చూడ్డానికి రెండు మూడేళ్లు పడుతుంది. మొదటి మొక్క మాత్రం పూతకొచ్చినదే కొనండి. ముదురు నీలం రంగు ఫెలనాప్సిస్ కనిపిస్తే, అది తెల్ల పూల మొక్క కాడలోకి రంగు ఎక్కించినది. తర్వాత పూత తెల్లగానే వస్తుంది. చెప్పి అమ్మితే సరే, ఎక్కువ ధర పెట్టి కొనడం మాత్రం దండగ.

డెండ్రోబియం, వాండా తొలకరి పడ్డాక జూన్, జులైలో కొంటే కొత్త వేళ్లు త్వరగా పడతాయి. ఫెలనాప్సిస్ అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపు తెచ్చుకోండి, వేసవి వచ్చేలోగా ఇంటికి అలవాటుపడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఎంత డిస్కౌంట్ ఇచ్చినా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకండి. నాలుగు రోజులు అట్టపెట్టెలో, ఎండలో తిరిగే కొరియర్ వ్యానులో ఉడికిన మొక్క చేతికొచ్చేసరికి ఆకులు పచ్చగానే కనిపించవచ్చు. మొవ్వు పట్టుకుని కాస్త లాగితే ఊడి చేతిలోకి వచ్చేస్తుంది.